అముదకు ఇంటిపేరు లేదు

మోటారు బోరులో పడిపోయిన రోజు సీనియమ్మాళ్ ఇంట్లో పొయ్యి వెలగలేదు. చావు జరిగిన ఇల్లు కాదు గనక పలకరించడానికి ఎవరూ రాలేదు. అంతే తేడా.

మోటారు మూలుగుతోందని కొడుకు రామ్‌కుమార్ మనుషుల్ని పెట్టి పైకి లాగిస్తున్నాడు. సగం దూరం వచ్చాక ఇనుపతాడు తెగింది. పైపులతో సహా మోటారు మళ్ళీ లోపలికి జారిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. అడుగున ఎక్కడో ఒక ముసలివాడు దగ్గినట్టు వినిపించింది, అంతే. పక్కనే ఎకరం మిరపతోట పూత మీద ఉంది. తమిళనాడులో కోవిల్‌పట్టికీ ఎట్టయాపురానికీ నడుమ ఉన్న ఆ నల్లరేగడి ఊళ్ళలో వాన లేనప్పుడు బోరే దిక్కు.

ఇలాంటివన్నీ చూసుకునే మనిషి, సీనియమ్మాళ్ భర్త, పోయిన దీపావళికి ముందు పోయాడు. మోటారుకు ఏ జబ్బు వచ్చినా ఆయన కోవిల్‌పట్టిలో ముత్తురామన్‌కు ఫోను చేసేవాడు. ముత్తురామన్‌ది మోటార్లు బాగుచేసే అంగడి. బోరులో పడినవాటిని కెమెరా దించి చూసి, కొక్కెం వేసి పైకి తీసే బండి కూడా అతనికి ఉంది. రామ్‌కుమార్ ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడే రకం కాదు. అందుకని ఆ రోజు సీనియమ్మాళే భర్త వదిలిపోయిన బటన్ ఫోను తీసి, ఆ నంబరు నొక్కింది.

సాయంత్రం విరుదునగర్‌లో ఉన్న కూతురు ఉషాకు ఫోను చేసింది. ఉషా అక్కడ ఒక బడిలో లెక్కల టీచరు. ఏడుపు వినాల్సి వస్తుందనుకుంటూ ఫోనెత్తింది.

"పాపా, మోటారు పడిపోయె."

"అయ్యో, ఎట్లమ్మా?"

"అది ఉండనీ. నీకొక సంగతి చెప్పల్ల. ముత్తురామన్ అంగట్లో ఒక ఆడబిడ్డ ఉండాది. మనోళ్ళ బిడ్డ!"

"అక్కడ మనోళ్ళెవరుమ్మా?"

"కొత్తగా చేరినట్టుండాది. నేను తమిళంలోనే మొదులుపెట్టినా. నడాన మన రామ్‌కుమార్‌ను 'ఒరే, మోటారు ఎన్ని హెచ్‌పీరా' అని అడిగినానా, ఆ బిడ్డ టక్కున తెలుగులో 'పరవాలేదమ్మా, నిదానంగా చెప్పండి' అనె. నాకు ఒళ్ళు జిల్లుమనె పాపా. రేడియోలో మాట్లాడే మాదిరి ఏమి తెలుగు! ఆంధ్రా పక్కనించి వచ్చిన కుటుంబం అయ్యుంటాది."

ఈ సంతోషం ఎంతటిదో ఆ ఊళ్ళలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. అక్కడ తెలుగు గడప లోపలి మాట. గడప దాటితే బస్సులో, బడిలో, అంగట్లో, ఆసుపత్రిలో అంతా తమిళమే. తెలుగుకు పుస్తకం లేదు, పలక లేదు. ఉషాకే తెలుగు అక్షరాలు రావు. టీచర్ల గదిలో తల్లి ఫోను వస్తే ఆమె లేచి వరండాలోకి పోయి, గొంతు తగ్గించి మాట్లాడుతుంది. అలాంటి చోట ముక్కూ మొహం తెలియని మనిషి నోట తెలుగు వస్తే ఆ మనిషి ఇక పరాయి కాదు. వెంటనే అడిగే ప్రశ్నలు రెండు: ఏ ఊరు? ఇంటిపేరు ఏమి? జవాబు వస్తే పది నిమిషాల్లో ఏదో ఒక వరస కలుస్తుంది.

"ఇంటిపేరు అడిగినావా?" అంది ఉషా నవ్వుతూ.

"అడక్క ఉంటానా? 'నా పేరు అముద అమ్మా, మీ మోటారు వివరం చెప్పండి' అనె గాని ఇంటిపేరు చెప్పలే. చూడు, కొత్తవాళ్ళకు దబ్బున ఇంటి గుట్టు చెప్పదు. పెంపకం!"

ఎండాకాలం ముందర చుట్టుపక్కల బోర్లన్నీ ఒకేసారి మొరాయిస్తాయి. ముత్తురామన్ బండి కళుగుమలై దాకా వరసలో తిరుగుతోంది. సీనియమ్మాళ్ వంతు రావడానికి నెలకు పైనే పడుతుందన్నారు. వంతు ఎంతవరకు వచ్చిందో అడగాలని ఆమె రోజూ ఫోను చేసేది. మొదట వంతు కోసమే. పోనుపోను వంతు సంగతి చివర్లో గుర్తొచ్చేది.

"నిన్న మోకాలు నొప్పి అంటినా, ఈపొద్దు ఫోనెత్తంగానే 'మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా' అని అడిగె పాపా. నిన్నటి మాట ఈపొద్దు గుర్తు పెట్టుకుని అడిగేవాళ్ళు యాడుండారు?"

ఉషా నొచ్చుకోలేదు. పైగా ఆమెకు కాస్త ఊరటగా ఉంది. నాయన పోయినప్పటినుంచి అమ్మ రోజూ దీపాల వేళ ఫోను చేసేది. ఎద్దుల కాలంనాటి సంగతులు మొదలుపెట్టేది. ఉషా 'పేపర్లు దిద్దాలమ్మా' అని పెట్టేసేది. దిద్దాల్సిన పేపర్లు కొన్ని రోజులు ఉండేవి, కొన్ని రోజులు ఉండేవి కావు. అముద వచ్చాక ఆ ఫోన్లు తగ్గాయి. వచ్చినప్పుడు కూడా అమ్మ గొంతులో తడి లేదు. ఎవరో ఒక మంచి పిల్ల తన వంతు బరువు కూడా మోస్తోందని ఉషా అనుకుంది.

మిరప వాడిపోతోందని రామ్‌కుమార్ చెప్పగా, బండిని కాస్త ముందుకు జరిపించాలని ఒకరోజు బడి విడిచాక ఉషా తనే ఆ అంగడికి ఫోను చేసింది. చక్కటి ఆడగొంతు తమిళంలో పలకరించింది. ఉషా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. మోటార్ల అంగట్లో ఫోనెత్తితే వెనక సుత్తి దెబ్బ వినబడాలి, రాగి తీగ చుట్టే యంత్రం గరగర వినబడాలి, ఎవడో ఎవడినో తిట్టాలి. ఈ గొంతు వెనక ఏమీ లేదు. కడిగిన పలకలా ఉంది.

"మీరు మనిషేనా?" అంది ఉషా.

"కాదండి. నేను ఈ షాపు తరఫున ఫోన్లకు జవాబు చెప్పే కంప్యూటర్ సహాయకురాలిని. మీకు ఏం కావాలో చెప్పండి."

అడిగితే చెప్పింది. దాచలేదు. అమ్మ అడగలేదు. మాట్లాడుతున్న మనిషిని మనిషివేనా అని అడగాలని అమ్మకు ఎందుకు తోస్తుంది?

ఆ సాయంత్రమే చెప్పాలనుకుంది ఉషా. ఫోను తీసి, అమ్మ నంబరు దాకా వెళ్ళి, పెట్టేసింది. చెబితే అమ్మ సంతోషం పోతుంది, అది నిజమే. చెబితే దీపాల వేళ ఫోన్లు మళ్ళీ తనకే వస్తాయి, అదీ నిజమే. ఈ రెండిట్లో ఏది తన చేయి పట్టుకుందో ఆమె ఆ రోజు తరచి చూసుకోలేదు.

తర్వాత వారం అమ్మే ఫోను చేసింది.

"పాపా, ఆదివారం నువ్వు కోవిల్‌పట్టి బస్టాండుకు వచ్చేయల్ల. మంచి చీర కట్టుకో. వస్తా సాత్తూరులో కారసేవు కొనుక్కో. కోవిల్‌పట్టోళ్ళ దగ్గరికి వాళ్ళ ఊరి కడలమిఠాయే ఎత్తుకపోతే నవ్వుతారు."

"ఏమిటికిమ్మా?"

"అముదను అడిగేదానికి. మన రామ్‌కుమార్‌కు."

ఉషా చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"ఏమి, పలకవు? వాడికి ముప్పై ఎనిమిది వస్తా ఉండాది. సేద్యం చేసేవాడంటే ఎవరిస్తారు పిల్లను? పెండ్లి కుదిర్చే తరగర్లంతా చేతులెత్తేసిరి. ఈ బిడ్డ అట్ల కాదు. ఒకపొద్దన్నా మా పనిని తక్కువ చేసి మాట్లాడలే. పత్తి ధర అడుగుతాది, మిరప ఎట్లుండాదని అడుగుతాది. 'పెండ్లి అయిందా బిడ్డా' అంటే 'లేదమ్మా' అనె. 'సేద్యం చేసేవాళ్ళంటే నీకు ఇష్టమేనా' అంటే 'రైతులంటే నాకు చాలా గౌరవం అమ్మా' అనె. ఇంక నోరు తెరిచి ఏమడగల్ల? మాటలో తెలీదా మనిషి?"

చెప్పాల్సిన ఘడియ అదే. ఉషా చెప్పిన మాట ఇది: "సరేమ్మా, బడి గంట కొట్టిరి. మళ్ళీ మాట్లాడతా." నిజానికి అప్పుడు గంట ఏదీ కొట్టలేదు.

ఆమె మళ్ళీ మాట్లాడింది అమ్మతో కాదు, ముత్తురామన్‌తో. అతన్ని పట్టుకోవడమే కష్టమైంది. ఫోను చేసిన ప్రతిసారీ అముదే ఎత్తింది. "యజమాని పనిలో ఉన్నారు, విషయం చెబితే రాసి పెడతాను" అంది. ఏ విషయం చెప్పాలి? నిన్ను మా తమ్ముడికి అడగడానికి వస్తున్నారని చెప్పాలా? ఫలానావారి కూతురు ఫోను చేసిందని మాత్రం చెప్పి పెట్టింది. రాత్రి అన్నాల వేళకు ముత్తురామనే ఫోను చేశాడు.

ఉషా ఎలాగో సంగతంతా తమిళంలో చెప్పింది. 

"టీచర్, ఫోనెత్తే సెల్వలక్ష్మి పెళ్ళయి శివకాశి వెళ్ళిపోయింది. నా చేతులు ఎప్పుడూ గ్రీజులో ఉంటాయి. సగం ఫోన్లు పోతున్నాయని ఇది పెట్టించాను" అన్నాడు. "మొదట్లో ఎత్తగానే 'నేను కంప్యూటర్ని' అనే చెప్పేది. అది విని కొందరు పెట్టేసేవాళ్ళు. కొందరు తిట్టేవాళ్ళు, మనిషిని పిలవరా అని. ఒకాయన దానికి తన బోరు కథ చెప్పనే చెప్పనని గంటసేపు వాదించాడు, దానితోనే. అందుకని ఆ ఒక్క మాటా తీయించేశాను. పేరు పెట్టించాను. అడిగితే మాత్రం నిజమే చెబుతుంది. తీశాక ఎవరూ తిట్టలేదు. ఇలా అవుతుందని నేనేం కలగన్నానా?"

"ఒక్క సాయం చేయండి అన్నా. అముదకు పెళ్ళి కుదిరింది, పని మానేసిందని చెప్పండి చాలు. అమ్మ మర్యాదగా తిరిగొచ్చేస్తుంది."

"అబద్ధమా?"

"ఒక్క మాట."

"మీ నాయన నా దగ్గర ఎప్పుడూ అబద్ధం ఆడలేదు టీచర్" అన్నాడు ముత్తురామన్. మళ్ళీ తనే, "సరే, చెబుతాను" అన్నాడు.

ఆదివారం ఉషా సాత్తూరులో దిగి కారసేవు కొని, ఇంకో బస్సెక్కి కోవిల్‌పట్టి చేరేసరికి బస్టాండులో అమ్మ ఎదురుచూస్తోంది. పక్కన మేనమామ వెంకటాచలపతి, జరీ అంచు పంచె, ఇస్త్రీ చొక్కా. అమ్మ చేతిలో స్టీలు పళ్ళెం, మీద పసుపు గుడ్డ. గుడ్డ కింద ఆకూ వక్కా, అరటిపళ్ళు, ఒక బెత్తెడు మల్లెపూలు. భర్త పోయిన ఆడది పళ్ళెం మోయకూడదని మామ అన్నాడట. పళ్ళెం పట్టుకుని ముందు నడిచేది ఉషానే అని అమ్మ అంది.

ఉషా పళ్ళెం అందుకుంది. రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాక ఇక చెప్పడానికి చోటు లేదనిపించింది. మామ ముందర అమ్మ ఇన్నాళ్ళూ ఎవరితో మాట్లాడిందో ఎలా చెబుతుంది?

"ఏమక్కా, పిల్ల గొంతు బాగుంటే చాలునా? కాళ్ళూ చేతులూ కూడా ఉండల్ల గదా" అన్నాడు మామ నడుస్తూ.

"నీ పెండ్లాన్ని చూసినప్పుడు నువ్వు కాళ్ళూ చేతులే చూసినావు. గొంతు పెండ్లయినంక గదా వింటివి" అంది అమ్మ.

అమ్మ నవ్వింది. నాయన పోయాక ఆమె అంత బాగా నవ్వడం ఉషా చూడలేదు.

అంగడి ముందు పాత మోటార్లు వరసగా పడి ఉన్నాయి. మెకానిక్ సంగిలి నేలమీద కూచుని రాగి తీగ చుడుతున్నాడు. ముత్తురామన్ చేతులు తుడుచుకుంటూ లేచి, ముగ్గురికీ కుర్చీలు వేశాడు. ఉషా వైపు చూడలేదు. అందరూ తమిళంలోకి మారారు.

అమ్మ కూర్చోలేదు. అంగడి లోపలికి, వెనక గది వైపు, తలుపు సందులోకి చూసింది.

"అముద రాలేదా?"

"అమ్మా, ఆ అమ్మాయి..." ముత్తురామన్ చేతులు మళ్ళీ తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరిందమ్మా. పని మానేసింది."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

అమ్మ మొహం చిన్నబోలేదు. అయోమయంగా చూసింది. "పోయిన వారమా? ఇవాళ పొద్దున మాట్లాడానే! మేము వస్తున్నాం, తలలో పూలు పెట్టుకుని ఉండు అని చెప్పాను. 'సరేనమ్మా, రాసి పెట్టుకుంటాను' అంది."

అది ఉషా లెక్కలో లేదు. పిల్లను చూడ్డానికి వచ్చేముందు ఇంటికి కబురు పెట్టడం మర్యాద. అమ్మ మర్యాద తప్పదు.

మామ లేచి నిలబడ్డాడు.

"ఓహో! పొద్దున ఉన్న పిల్ల మధ్యాహ్నానికి లేదా? మేము దున్నుకునేవాళ్ళమని దాచేశారా? ఇవ్వం అంటే ఇవ్వం అని చెప్పాలి. ఇదేం పద్ధతయ్యా? నీ చేతి మోటార్లు ముప్పై ఏళ్ళు దించుకున్న ఇల్లయ్యా మా అక్కది!"

"అయ్యా, అది కాదు..."

"పిలువు పిల్లను! ఆమె నోటితోనే చెప్పమను!"

బజారులో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పక్క అంగడివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. అమ్మ తమ్ముడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. లాగుతూనే ముత్తురామన్‌ను చూసి, "ఇష్టం లేకపోతే పరవాలేదప్పా. ఆ బిడ్డను ఒకసారి చూసి వెళ్తాను. నామీద కోపమేమో అడుగుతాను, అంతే" అంది.

ఉషా పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. 

ముత్తురామన్ ఇక దాచలేకపోయాడు. తన సొంత ఫోను తీసి అంగడి నంబరు నొక్కి, శబ్దం పెద్దది చేసి బల్లమీద పెట్టాడు. రెండుసార్లు మోగాక గొంతు వచ్చింది. ఆ గదిలో ఎవరి నోరూ కదలలేదు. వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గోనెసంచులు తప్ప ఏమీ లేవు.

"మాట్లాడండమ్మా" అన్నాడు ముత్తురామన్, నేలకేసి చూస్తూ.

అమ్మ ఫోను మీదికి వంగింది. చుట్టూ ఇంతమంది తమిళులు వింటుండగా తెలుగులో మాట్లాడింది. ఉషాకు తెలిసి అదే మొదటిసారి.

"అముదా, నేనుమ్మా, సీనియమ్మాళ్‌ను. యాడుండావు బిడ్డా?"

"నమస్కారం సీనియమ్మాళ్ గారూ. నేను షాపు తరఫున మాట్లాడుతున్నాను. మీ మోటారు పని వచ్చే మంగళవారానికి ఖాయమైంది."

అమ్మ తలెత్తి గదిలో అందరి మొహాలూ చూసింది. ఆమె తెలివితక్కువది కాదు. ఎండిన మొక్కను చూసి వేరుపురుగో నీటికరువో చెప్పగల మనిషి. మళ్ళీ వంగింది.

"బిడ్డా, నువ్వు మనిషివేనా?"

"కాదమ్మా. నేను ఫోన్లకు జవాబు చెప్పే కంప్యూటర్ సహాయకురాలిని. మీ మోకాలి నొప్పి ఇప్పుడు ఎలా ఉందమ్మా?"

"బాగుండాది బిడ్డా," అంది అమ్మ. "పెట్టేస్తా."

అలవాటు కొద్దీ వచ్చిన మాట అది. సంగిలికి అర్థమైంది 'బిడ్డా' అన్న మాట ఒక్కటే అయి ఉండాలి. అతను మోచేత్తో నోరు మూసుకున్నాడు గాని నవ్వు ఆగలేదు. గుమ్మంలో ఉన్నవాళ్ళకు అది అంటుకుంది. ఎవరో వెనకనుంచి, "పిల్లను చార్జింగులో పెట్టారా, తీశారా?" అన్నారు.

అమ్మ కూతురి వైపు తిరిగింది. తెలుగులోనే అడిగింది.

"పాపా, నీకు తెలుసునా ఇది?"

ముత్తురామన్ తల ఎత్తి ఉషాను చూశాడు. అతనికి తెలుగు రాదు. అయినా ఆ ప్రశ్న ఏమిటో అతనికి తెలిసింది.

"తెరియాదమ్మా" అంది ఉషా.

తెలియదు అనే మాట తమిళంలో వచ్చింది. పుట్టినప్పటినుంచి అమ్మతో ఆమె తమిళంలో జవాబు చెప్పింది లేదు. ఇంటి మాటలోకి ఆ అబద్ధం దిగలేదు.

అమ్మ ఒక క్షణం చూసి తలూపింది. ముత్తురామన్ కూడా చూశాడు. చూసి, రెండు చేతులూ జోడించాడు. "తప్పంతా నాదేనమ్మా. మిషిను అన్న మాట నేనే తీయించేశాను. ఎవరికీ తెలియదు. టీచర్‌కు ఎలా తెలుస్తుంది? నన్ను క్షమించండి."

అడగని సాక్ష్యం అది. ఉషా దాన్ని నోరు మూసుకుని పుచ్చుకుంది.

అమ్మ ఆమె చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. పూలు తీసి కొంగులో ముడేసుకుంది, సెన్బగవల్లి అమ్మ గుడిలో ఇవ్వడానికి. పిల్లను అడగడానికి తెచ్చిన పళ్ళెం నిండుగా ఇంటికి తిరిగిపోకూడదు. అరటిపళ్ళూ కారసేవు పొట్లమూ సంగిలి ముందు పెట్టింది.

"తిను అప్పా. నవ్వి నవ్వి ఆకలి అయ్యుంటుంది" అంది తమిళంలో, మెల్లగా.

సంగిలి తల వంచుకున్నాడు. అతను తర్వాత ఆ పళ్ళు తిన్నాడో లేదో ఉషాకు తెలియదు. ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని అమ్మ ముందు నడిచింది. బస్టాండు దాకా మామ ఒక్కడే మాట్లాడాడు.

మంగళవారం ముత్తురామన్ బండి నిజంగానే ఊరికి వచ్చింది. కెమెరా, కొక్కేలు, ఇద్దరు మనుషులు. అమ్మ తోట గట్టుమీదే నిలబడి బండిని వెనక్కి పంపించింది. మనిషిని మోసం చేసే అంగడి చేయి నా బోరులో పడకూడదు అంది. రామ్‌కుమార్ ఒక్క మాట అడిగాడు, "మరి తోట?" అని. అమ్మ కొంగు దులిపి ఇంటిదారి పట్టింది. అతను చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. టీ అంగడి దగ్గర కుర్రవాళ్ళు "ఏమి అన్నా, వదినకు టవరు అందతా ఉండాదా?" అని ఆటపట్టిస్తున్నారని అతను అక్కతో కూడా చెప్పలేదు. మామ చెబితే తెలిసింది.

మామ ఆ కథను తన పద్ధతిలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మోశాడు. ముత్తురామన్ కావాలనే ఆడగొంతు పెట్టి ముసలివాళ్ళను మోసం చేస్తాడని అందులో చేరింది. కొందరు ఆ అంగడికి పోవడం మానేశారు. కొందరు పనిలేక ఫోను చేసి, పెళ్ళికి ఒప్పుకుంటావా అని అముదను అడగసాగారు. అది అందరికీ ఒకే మర్యాదతో, మీ మోటారుకు ఏమైందని అడిగేది.

ఎండలు ముదిరాక ఒక శనివారం ఉషా కోవిల్‌పట్టి వెళ్ళింది. ముత్తురామన్ ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో బోల్టు బిగిస్తున్నాడు. మిషినును తీసేయలేదు గాని, ఎత్తగానే 'నేను మనిషిని కాదు' అని చెప్పేలా మళ్ళీ పెట్టించానన్నాడు. సగంమంది ఆ మాట దగ్గరే పెట్టేస్తున్నారట.

"అన్నా, ఆ రోజు మీరు..." అంది ఉషా.

"నేనేం చెప్పలేదు టీచర్. చెప్పను కూడా." అతను ఫోను కింద పెట్టాడు. "మీరు మీ అమ్మతో ఎప్పుడైనా చెప్పండి. బండి పంపిస్తాను. నాకు ఆ మోటారు పైకి తీయాలని ఉంది. మీ నాయన దగ్గరుండి దింపించింది అది."

ఉషా చెబుతానంది. ఆ మాట చెప్పి విరుదునగర్ బస్సెక్కింది.

ఇప్పుడు దీపాల వేళ ఫోను మళ్ళీ వస్తోంది. కానీ ఎత్తగానే అమ్మ మాట్లాడదు. ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. మీ నాయన ఎద్దు పేరేమి? చిన్నప్పుడు నువ్వు యాడ పడి మోకాలు కొట్టుకుంటివి? మీ అవ్వ ఇంటిపేరు ఏమి? ఉషా జవాబు చెప్పాకే అమ్మ "సరి, నువ్వేనా" అని మాట మొదలుపెడుతుంది. టీచర్ల గదిలో ఉన్నా ఉషా ఇప్పుడు వరండాలోకి పోవడం లేదు. అందరి ముందే తెలుగులో, "మయిలోడు అమ్మా, ఎద్దు పేరు మయిలోడు" అంటుంది. ఆ ప్రశ్నలన్నిటికీ ఆమె నిజమే చెబుతుంది. అమ్మ ఆ ఆదివారం అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు.

మిరపతోట ఎండిపోయింది. రామ్‌కుమార్ దాన్ని పీకి గట్టున కుప్ప వేశాడు. మోటారు ఇంకా బోరులోనే ఉంది. తనకు ముందే తెలుసని ఉషా అమ్మతో ఇంకా చెప్పలేదు.